షణ్ముగం చూసిన రంగు

ఆ ఏడు ఆయుధపూజకీ దీపావళికీ మధ్య మా లయంలో ఒకటే గొడవ. మా సైకిల్ నీలమా, ఆకుపచ్చా? బయటివాళ్ళు వింటే నవ్వుతారు. నవ్వుకోండి. నా తమ్ముడు గణేశన్ ఇంట్లో అన్నం తింటాడా, జైల్లో తింటాడా అన్నది ఆ రంగు మీదే ఉంది.

మలాయ్ దేశంలో, బంటింగ్ నుంచి క్లాంగ్ పోయే రోడ్డు మీద బస్సు దిగి, పామాయిల్ చెట్ల మధ్య మట్టిదారి పట్టుకుని లోపలికొస్తే మా లయం. తోట కూలోళ్ళ కోసం దొరల కాలంలో కట్టిన వరస ఇళ్ళు. ఆ రబ్బరుతోట ఎప్పుడో మూతపడింది, మేం ఉండిపోయాం. మా ముత్తాత విజయనగరం అవతల పల్లె నుంచి ఓడెక్కి వచ్చి మూట దించింది ఇక్కడే. ఇప్పుడు స్థలం కొన్న కంపెనీవాళ్ళు గోడౌన్లు కట్టుకోవాలంట. లెగమన్నారు. లెగం అన్నాం. లయం మొగలో టార్పాలిన్ కట్టి, దాని కింద చాపలేసుకుని కూచున్నాం. అందరికంటే ముందు నేను కూచున్నాను కాబట్టి నన్ను లీడరన్నారు. నేను చదివింది ఆరో క్లాసు. చట్టం నాకు నేర్పింది మా తలుపులకి అంటించిన నోటీసులే.

ఆయుధపూజ రోజు పొద్దున్న బుల్డోజరొచ్చింది. వచ్చి మా పైడితల్లి గుడి పక్కన ఆగింది. పండగ రోజు కూలిస్తే పేపర్లో పడుతుందని భయం కాబోలు, డ్రైవరు ఇంజను ఆపి వెళ్ళిపోయాడు. దానికి కాపలా మా షణ్ముగం.

షణ్ముగం పరాయివాడు కాదు. వరసలో ఆఖరి ఇల్లు ఆయనది. అరవవాడే గానీ మా తెలుగోళ్ళ మధ్యే పెరిగాడు, మా మాటే మాట్లాడతాడు, కోపమొస్తే మాత్రం అరవంలోకి జారతాడు. మా నాయన పోయినప్పుడు పాడె మోసినవాళ్ళలో ఆయనొకడు. సెక్యూరిటీ కంపెనీ యూనిఫారం తొడిగి ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడాలి. ఆ రోజు తన ఇల్లు కూల్చేందుకు తెచ్చిన మిషనుకే ఆయన్ని కాపలా నిలబెట్టారు. ఆ కంపెనీవాళ్ళ గుణం ఎలాంటిదో దాన్ని బట్టి తెలుసుకోండి.

గణేశన్ ఆ మిషను ముందు నిలబడి రొమ్ము గుద్దుకున్నాడు. "దీని కడుపులో ఇసక పొయ్యకపోతే నాను పైడయ్య కొడుకునే కాదు!" అని అరిచాడు. చుట్టూ అందరూ ఫోన్లెత్తి వీడియో తీశారు. నోరు జారితే నాలాగే జారతాడు. అది మా ఇంటి జబ్బు.

ఆ సాయంత్రం క్లాంగ్‌లో మీటింగ్ ఉంటే పోయాను. చీకటి పడిందని అక్కడే ఒక స్నేహితురాలింట్లో ఉండిపోయాను. ఇంట్లో పూజ అమ్మే చేసుకుంది.

తెల్లారాక అమ్మ ఫోను.

"నాగవల్లీ, బేగి రాయే. మన గణేశన్ గుంటడి కోసరం పోలీసులొచ్చినారు."

నేను బస్సు దిగేసరికి పెద్ద వాన కురిసి వెలిసింది. మట్టిదారంతా ఎర్రనీళ్ళు. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను.

జరిగింది ఇది. తెలతెలవారుతుంటే ఎవరో బుల్డోజరు డీజిల్ ట్యాంకులో ఇసక పోశారు. డ్రైవరొచ్చి స్టార్ట్ చేస్తే ఇంజను కాసేపు దగ్గి చచ్చింది. ఇసక పోసేటప్పుడు షణ్ముగం రేకుల షెడ్డులో టీ కాచుకుంటున్నాడు. చప్పుడు విని బయటికొస్తే, టోపీ పెట్టుకున్న మనిషెవడో సైకిల్ మీద చెట్లలోకి పోతున్నాడు. వీపు తప్ప ఏమీ కనబడలేదు. సైకిల్ కనబడింది. ఆకుపచ్చ సైకిల్ అని పోలీసులకి చెప్పాడు.

లయంలో ఆకుపచ్చ సైకిలే లేదు. అసలు సైకిలున్నది మాకొక్కరికే, మిగతా అందరివీ మోటార్‌బైకులు. మాది చూరు కింద గోడకి ఆనించి ఉంది, ఇంకా నీళ్ళోడుతోంది. నాయన రబ్బరుపాల బకెట్లు మోసిన సైకిల్. గుడికి రంగులేసినప్పుడు మిగిలిన నీలం గోడరంగు గణేశన్ దానికి పూశాడు. గోడకేసే రంగు ఇనుముకి పడుతుందా? సుద్దలా గరుగ్గా ఉంటుంది, ముట్టుకుంటే చేతికంటుతుంది. అందం సున్నా. కానీ నీలం. ఎవడు చూసినా నీలం.

గణేశన్ పోలీసుల మధ్య తలొంచుకుని నిలబడ్డాడు. నేను నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయి సైకిల్ చూపించాను.

"తువాన్, అయ్యా, ఇది ఏ రంగు? మీ నోటితో చెప్పండి."

ఆయన చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "బిరు," అన్నాడు మలాయ్‌లో. నీలం.

"మీ సాక్షి ఏమన్నాడు?"

"హిజావు." ఆకుపచ్చ.

"మరి నా తమ్ముణ్ణి ఎందుకు పట్టుకున్నారు?"

"నిన్న ఇసక పోస్తానని అరిచాడు. వీడియో ఉంది."

"అరిచినోళ్ళని పట్టుకోవాలంటే ముందు నన్ను పట్టుకోవాలి. నేను రోజూ అరుస్తున్నాను!"

వాళ్ళు సైకిల్‌ని ఫోటో తీసుకుని వదిలేశారు. తమ్ముణ్ణి వదల్లేదు. జీపెక్కుతూ గణేశన్ నా వైపు ఒక చూపు చూశాడు. ధైర్యం చెప్పమంటున్నాడనుకుని పిడికిలెత్తాను.

నేనూ సైకిల్‌ని ఫోటో తీశాను. 'ఇది నీలం' అని తెలుగులో, అరవంలో, మలాయ్‌లో రాసి నాకున్న గ్రూపులన్నింటికీ పంపాను. పొద్దు గూకేలోగా ఆ ఫోటో సైబర్‌జయలో కంప్యూటరు ఉద్యోగాలు చేసుకునే కొత్త తెలుగువాళ్ళ దాకా పోయింది. వాళ్ళలో ఒకతను తిరిగి దండం బొమ్మ పంపాడు. దండమెందుకో నాకు తెలీదు. మనిషినొక్కణ్ణి పంపుంటే బాగుండేది.

మర్నాడు షణ్ముగాన్ని టార్పాలిన్ కిందికి పిలిపించాం. యూనిఫారంలోనే వచ్చాడు.

"కూకో అన్నే," అన్నాను.

"నిలబడే సెప్తా తంగచ్చీ. డ్యూటీ." మేం ఆయన్ని అన్నే అంటాం, ఆయన నన్ను చెల్లెలని తంగచ్చి అంటాడు.

"ఎవులి డ్యూటీ? మన కొంపలు కూల్చీ డ్యూటీ!" అన్నాడు సీతారాం. సీతారాం మా పక్కింటివాడు, ఫ్యాక్టరీ బస్సు తోలతాడు. బస్సుకైనా బ్రేకుంది గానీ వాడి నోటికి లేదు.

"నువ్వు సూసిన సైకిలు ఏ రంగు అన్నే?" అన్నాను.

"ఆకుపచ్చ."

"మా సైకిలు నీకు తెల్దా? నాయనున్నప్పుడు నువ్వూ తొక్కినావు కదా."

"తెలుసు. అది నీలం. అందుకే గణేశన్ది అని సెప్పలే. ఆకుపచ్చ సైకిల్ అని మట్టుకే సెప్పినా. ఎవరి పేరూ సొల్లలే."

"అన్నేకి కళ్ళల్లో పొరొచ్చినాది," అంది ఒకావిడ.

సీతారాం మైలో డబ్బా ఎత్తి పట్టుకున్నాడు. "ఇది ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"ఆ బకెట్టు?"

"నీలం."

"నా సొక్కా?"

షణ్ముగం వాణ్ణి కిందికీ పైకీ చూశాడు. "కొన్నప్పుడు తెలుపు."

అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. సీతారాం ముఖం మాడిపోయింది. డబ్బా నేలకేసి కొట్టాడు.

"కళ్ళు బాగానే ఉన్నాయర్రా ఈడికి. అంటే గుడ్డోడు కాదు. అబద్దాలకోరు! కంపినీ ఎంగిలి తిన్న నాలిక!"

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. షణ్ముగం టోపీ తీశాడు. నా వైపు తిరిగాడు.

"వల్లీ, నువ్వు సెప్పు. నాను అబద్దం సెప్పే ఆళా?"

"నీలాన్ని ఆకుపచ్చ అంతన్నావు అన్నే. నానేటి సెప్పాల?"

ఆయన టోపీ పెట్టుకుని, తడిసిన చాపలు తొక్కకుండా పక్కనుంచి నడుచుకుంటూ పోయాడు.

బంటింగ్‌లో తిలగవతి అని లాయరుంది. చిన్న వయసు, ఎదటివాణ్ణి మధ్యలో ఆపి మాట్లాడుతుంది, అందుకే నాకు నచ్చింది. గణేశన్ని పూచీ మీద బయటికి తెచ్చింది. కేసు మాత్రం పోలేదు. దీపావళి దాటాక కోర్టు.

"కేసంతా ఒక్క సైకిలే అక్కా," అంది. "వాళ్ళ సాక్షి ఆకుపచ్చ అని ఎంత గట్టిగా చెప్తే మనకి అంత మంచిది. మన సైకిల్ నీలం. దానికి రంగెయ్యకండి, తోమకండి. అది అలాగే ఉండాలి."

ఇంక నేను ఆగుతానా? నీలం, నీలం అని ఊదరగొట్టాను. కానీ మనుషులున్నారే, వాళ్ళు ఒక మాట మీద నిలబడరు. సంజెవేళ చూస్తే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉందని ఒకరు, కాదు సముద్రం రంగని ఇంకొకరు. మా రత్నకుమారి అత్తయితే, ఆ సైకిల్ మొదట్నుంచీ నలుపే, మీకెవరికీ గుర్తులేదంది. అన్నాదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఒళ్ళు మండి ఒక సాయంత్రం అందరి మధ్యా లేచి నిలబడ్డాను.

"మనం ఇళ్ళ కోసరం కూకున్నామా, రంగుల కోసరమా? అది నీలం. నీలం కాదన్నోడు ఈ చాప మీంచి లెగొచ్చు."

ఎవరూ లెగలేదు.

షణ్ముగం పెళ్ళాం కోగిల ఏటా దీపావళికి మురుకులు చుట్టేది. లయమంతా ఆమె దగ్గరే చెప్పుకునేవాళ్ళం. ఆ ఏడు ఎవరూ చెప్పలేదు. నేను వద్దనలేదు. "ఎవలిష్టం ఆలది" అన్నాను, అందరూ వినేలాగ. ఆ మాటకి అర్థం వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఉద్యమంలో అన్నీ నోటితో చెప్పక్కర్లేదు.

అమ్మ ఒక్కర్తే వెళ్ళి ఒక డబ్బా పట్టుకొచ్చింది.

"ఎందుకు తెచ్చినావమ్మా?"

"తినడానికి."

"నీ కొడుకుని జైల్లో తొయ్యబోయినోడింటి మురుకులా?"

అమ్మ ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. "వాము ఎక్కువైనాది," అంది.

మా అమ్మ మరిడమ్మ అంతే. నా నోటికి ఎన్ని మాటలున్నాయో ఆమె నోటికి అంత మౌనం. ఆ రోజుల్లో మరీ మాట పోయింది. నేను నీలం అని అరిచినప్పుడల్లా వంటింట్లో గిన్నె చప్పుడు ఆగేది. కొడుకు మీద బెంగ అనుకున్నాను.

దీపావళి వారంలో కథ తిరగబడింది. మధ్యాహ్నం భోజనాల వేళ సీతారాం గుమ్మంలోకొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

"వదినా, ఇన్నావా? షణ్ముగం యూనిఫారం పీకేసినారు! పోలీసులు ఆడినే పట్టుకున్నారు."

"ఎందుకు?"

"ఎందుకేటి! ఆకుపచ్చ సైకిలే నేకపోతే, నేని సైకిలు ఎవులు పుట్టించినారు? ఆ మిషను కాడ ఉన్నది ఆడొక్కడే. ఆడిల్లూ కూలిపోతాది కదా. ఆడే ఇసక పోసి ఈ కత అల్లినాడంతున్నారు. ఇయ్యాల పొద్దంతా టేసన్లో కూకోబెట్టి ఇప్పుడే ఒగ్గినారు. రేపు పొద్దున్న మల్లీ రమ్మన్నారు, ఈసారి ఒగ్గరంట. బాగా అయినాది!"

వాడు ఆ మాట మోసుకుని పక్కింటికి పోయాడు. గణేశన్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. అన్నం ముద్ద కట్టి, విప్పి, మళ్ళీ ముద్ద కడుతున్నాడు. అమ్మ వాణ్ణే చూస్తోంది.

"నాగవల్లీ," అంది. "సైకిలు ఒంచి సీటు కింద సూడు."

"ఏటుంది?"

"సూడమన్నాను కదే."

ఎంగిలి చెయ్యితోనే లేచి, చూరు కింద సైకిల్‌ని పక్కకి వంచాను. సీటు స్ప్రింగుల వెనక, వాన చుక్క చేరని మూల, అరచెయ్యంత మేర ఆకుపచ్చగా ఉంది. లేత అరిటాకు రంగు. వేలితో రాసి వాసన చూశాను. పసుపు.

అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏటేటా బొట్టెట్టి ఊరుకుంతాను. ఈ ఏడు నువ్వు ఇంట్లో నేవు. ఈ గడప మీద ఇదే ఆకరి పూజేమో అనిపించినాది. మీ నాయన సైకిలు. అమ్మోరికి పూసినట్టు పసుపు ముద్ద సేసి నిలువునా పూసినాను. ఆ గోడరంగు పీల్చీసుకున్నాది. సూత్తే ఆకుపచ్చగా అయిపోనాది, నాకే నవ్వొచ్చినాది. తెల్లారినాక వానొచ్చి కడిగీసినాది."

నేను గణేశన్ వైపు తిరిగాను. వాడు చెయ్యి కడుక్కోకుండా అలాగే కూచున్నాడు.

"నువ్వేనా?"

కంచంలో మెతుకులు ఏరుతున్నాడు.

"ఇసక పోసింది నువ్వేనా అని అడుగుతున్నాను రా!"

"మరి ఎవులనుకున్నావప్పా? అందరి ముందూ అన్నాను కదా, పోత్తానని."

"షణ్ముగం అన్నే నిజం సెప్పినాడని నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఇన్‌స్పెక్టరుకి సైకిలు సూపించినప్పట్నుంచి." తలెత్తాడు. "నీలం అని నువ్వన్నావప్పా. నాను ఏటీ అన్నేదు. ఒక్క మాటా అన్నేదు. జీపెక్కేటప్పుడు సెప్పుదామని సూసినాను. నువ్వు పిడికిలెత్తినావు."

అప్పుడు పిడికిలెత్తిన చేతికే ఇప్పుడు పసుపు అంటుకుని ఉంది.

పెరట్లోకి పోయి తిలగవతికి ఫోన్ చేశాను. "ఒక మాట అడగాలి. ఊరికే అడుగుతున్నాను. ఆ సాక్షి చెప్పింది నిజమే అని తేలితే..."

"అక్కా, ఆగు," అంది. "నాకేమైనా తెలిస్తే, నాకు తెలీదని కోర్టులో నిలబడలేను. ఊరికే అడిగినా అడక్కు. ముందు ఇంట్లో మాట్లాడుకోండి. తరవాత చెయ్యి." పెట్టేసింది.

లోపలికొచ్చి నేను చెప్పిన మాటలు ఇవి. సిగ్గుపడి దాచను. "గణేశన్ ఒప్పుకుంటే ఆడొక్కడితో పోదమ్మా. మనందరినీ రౌడీలంటారు. టార్పాలిన్ పీకేస్తారు. కోర్టులో ఇళ్ళ కేసు పడిపోతాది. రత్నకుమారత్త ముసిల్ది యాడికెల్తాది? షణ్ముగం అన్నే మీద సాక్ష్యమేటుంది? ఏటీ నేదు. నాలుగు రోజులు తిప్పి ఒగ్గేస్తారు."

"ఒగ్గకపోతే?" అంది అమ్మ.

"అప్పుడు సూద్దాం."

"ఒగ్గేసినా, ఆడు ఈ లయంలో ఎలాగ బతుకుతాడు? అబద్దాలకోరన్నారు. నువ్వున్నావక్కడ."

"నీకన్నీ ముందే తెలుసు కదా, ఇన్నాళ్ళూ ఎందుకు నోరిప్పలేదు మరి?"

"కొడుకు కదే," అంది అమ్మ.

అంతే అంది. కంచాలు తీసుకుని పోయింది. గణేశన్ తల గోడకానించి కళ్ళు మూసుకున్నాడు. "అప్ప సెప్పినది నిజమే అమ్మా, టార్పాలిన్ పీకేస్తారు," అన్నాడు. వాడు చెప్పినదాంట్లో తప్పేం లేదు. నేను చెప్పినదాంట్లోనూ లేదు. ఒక్కో మాటా లెక్క ప్రకారం సరిగానే ఉంది. అయినా ఆ పూట మా ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం.

పొద్దున్నే వాకిట్లో రోకలి చప్పుడు. లేచి చూస్తే అమ్మ పసుపుకొమ్ములు దంచుతోంది. సైకిల్ నడివాకిట్లో స్టాండేసి ఉంది.

"అమ్మా. వద్దు."

వినలేదు. పసుపు పళ్ళెంలో పోసి, నీళ్ళు కలిపి, చేత్తో ముద్ద చేసింది. హ్యాండిల్ దగ్గర మొదలుపెట్టింది. పొరకలతో వాకిళ్ళు ఊడుస్తున్న ఆడవాళ్ళు ఊడ్పులాపి చూస్తున్నారు. సీతారాం నోట్లో పళ్ళపుల్లతో బయటికొచ్చాడు.

"ఏటి పెద్దమ్మా, మల్లీ పూజేటి? ఆయుధపూజ అయిపోనాది కదా?"

అమ్మ పూస్తూనే ఉంది. పడ్డ చోట మొదట పసుపు పసుపుగానే ఉంది. కాసేపటికి ఆ గరుకు రంగు దాన్ని లోపలికి లాక్కుంది. హ్యాండిల్ మెడ ఆకుపచ్చైంది. పై గొట్టం ఆకుపచ్చైంది. సీతారాం నోట్లోంచి పుల్ల తీశాడు. వాడి నోరు మూతపడ్డం లయం మొత్తం చూసింది.

నేను ఆపొచ్చు. పళ్ళెం లాక్కుని పారబొయ్యొచ్చు, నీళ్ళ గొట్టం తెచ్చి కడిగెయ్యొచ్చు. నా మాట వినే మనుషులు వాకిలంతా ఉన్నారు, కళ్ళతో సైగ చేస్తే చాలు. నేను వాళ్ళ ముఖాలు చూడలేదు. అమ్మ చెయ్యి చూశాను. గొట్టం కిందికి వంగలేక మధ్యలోనే ఆగింది.

కూచుని వెనక మడ్‌గార్డుకి నేను పూశాను.

మేం ఆఖరి చువ్వ దగ్గరికొచ్చేసరికి గణేశన్ తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇలాగియ్యప్పా."

"ఎక్కుతావా?"

"నడిపించుకెల్తాను. తడి ఆరనేదు."

తమ్ముడికి తరవాత జైలు శిక్ష పడింది. టార్పాలిన్ పీకేశారు, మేం మళ్ళీ కట్టాం. ఇళ్ళ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. అమ్మ మాత్రం కొడుకు వచ్చేదాకా నాతో ముక్తసరిగానే మాట్లాడింది. అవన్నీ నాకు అప్పుడు తెలీవు. నాకు తెలిసిందల్లా, వాడు స్టాండు తీసి సైకిల్‌ని వరస చివరికి నడిపించుకుపోతుంటే ఇంటింటి ముందూ మనుషులు పక్కకి జరగడం.

షణ్ముగం స్టేషన్‌కి పోవడానికి సిద్ధమై గడప దిగుతున్నాడు. యూనిఫారం లేకుండా మామూలు చొక్కాలో సన్నగా కనబడ్డాడు. సైకిల్ చూసి ఆగిపోయాడు. దాని వెనక గణేశన్ని, వాడి వెనక నన్నూ అమ్మనీ చూశాడు. మా పసుపు చేతులు చూశాడు.

"అన్నే," అన్నాడు గణేశన్. "నువ్వు సూసినది ఇదే."

షణ్ముగం దగ్గరికొచ్చి పై గొట్టం మీద వేలు పెట్టి చూసుకున్నాడు. "ఆమా," అన్నాడు మెల్లిగా, ఎవరికీ కాదు. అవును. "ఆకుపచ్చ."

నేను ఏదో ఒకటి అనాలి. మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడేదాన్ని. "అన్నే, నాను..." అన్నాను.

"అప్పురం సొల్లు," అన్నాడు. తరవాత చెప్పు. "వాన వచ్చేటట్టుంది."

నిజమే. చెట్ల మీద మబ్బు కాటుకలా దిగింది. చల్లగాలి కొట్టింది. రోడ్డెక్కితే స్టేషన్ నడిచే దూరమే, కానీ ఆ వాన అంత దూరం ఆగేలా లేదు. మొదటి చుక్క హ్యాండిల్ మీద పడింది. పడ్డ చోట ఆకుపచ్చ చీలి కింద నీలం కనబడింది.

లోపల్నుంచి కోగిల వచ్చింది. ఒక చంకలో గొడుగు, ఇంకో చేతిలో పెద్ద ప్లాస్టిక్ పట్టా. వాటిని చూసి ఆమె మొగుడు చెయ్యి చాపాడు. ఆమె ఆయనకివ్వలేదు, గణేశన్‌కీ ఇవ్వలేదు. గొడుగు విప్పి హ్యాండిల్ మీద పట్టింది. పట్టా అంచు నా ముందుకి విసిరింది. ఇన్నాళ్ళుగా నా వైపు చూడని మనిషి.

"ఏటి సూస్తన్నావు? ఎనకాల నువ్వు పట్టు," అంది. "టేసన్ దాకా ఒక్క సుక్క పడకూడదు."